వీణ మెట్టు మీద వేలి బలం

కడప, కర్నూలు సీమలు విజయనగర రాజ్యంలో ఉన్న రోజులలో, 1550లో, రామరాయల కోరికపై రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ అనే సంస్కృత గ్రంథం రచించినాడు. వీణపై మెట్లను ఎక్కడెక్కడ నిలపవలెనో అందులో వివరించినాడు. తరువాత తంజావూరు నేలిన తెలుగు రాజు రఘునాథ నాయకుని కాలంలో వీణకు 24 మెట్లు స్థిరపడినవని ప్రతీతి.

మెట్లు కదలవు, రెండు మెట్ల నడుమ పలికే గమకం మరి ఎట్లా? అది ఎడమచేతి చూపుడు వేలు, నడిమి వేలు చేయవలసిన పని. తీగను మెట్టు మీదనే పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం హెచ్చుతుంది. ఎంత బిగువు కావలెను? కంపన సంఖ్య బిగువు యొక్క వర్గమూలాన్ని అనుసరించి మారుతుందని 1636లో ఫ్రాన్సు దేశీయుడు మెర్సెన్ తన గ్రంథంలో ప్రకటించినాడు. షడ్జం నుండి చతుశ్శ్రుతి రిషభానికి (9/8) పోవలెనంటే బిగువు 81/64 రెట్లు కావలెను. అంతర గాంధారానికైతే (5/4) 25/16 రెట్లు! అనగా కంపనాలు నాలుగో వంతు పెరగడానికి బిగువు సగానికి పైగా పెరగవలెను. కొత్త విద్యార్థి వేలికొన కందిపోవడంలో వింత లేదు.

వేళ్లను వంచే ముఖ్యమైన కండరాలు వేళ్లలో లేవు. అవి ముంజేతిలో ఉండి, పొడవైన స్నాయుబంధనాలతో వేళ్లను లాగుతవి. సాధన మొదటి వారాలలో వచ్చే బలం కండరం లావెక్కడం వల్ల కంటె నాడులు పని నేర్చుకొనడం వల్లనే ఎక్కువ. పురందరదాసు ఏర్పరచినవని చెప్పే సరళీ, జంట వరుసలను మొదటి కాలంలో కుదిరిన తరువాతనే రెండవ కాలానికి, మూడవ కాలానికి తీసుకుపోవడం ఈ నాడుల శిక్షణకు చక్కగా సరిపోతుంది.

ఇది ఎడమచేతి సంగతి. కుడిచేతి చూపుడు, నడిమి వేళ్లు స్వరాలు మీటుతూ ఉంటే, చిటికెన వేలు వాటితో కలవక పక్కనున్న మూడు తాళపు తీగలను మీటవలెను.