ఫ్రీవేల పక్క రహదారులు – ర్యాంపుల మధ్య దూరం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఫ్రీవేలకు ఇరువైపులా సమాంతరంగా నిర్మించిన ఫ్రంటేజ్ రోడ్లు ఆ రాష్ట్ర రహదారి వ్యవస్థకు ప్రత్యేక లక్షణం. హ్యూస్టన్ వాసులు వీటిని ఫీడర్ రోడ్లని వ్యవహరిస్తారు. నగర ప్రాంతాలలో ఇవి చాలావరకు ఏకదిశ మార్గాలు. అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి గనుక ఈ రోడ్డు ఫ్రీవేకు కుడి పక్కన, దుకాణాలు రోడ్డుకు కుడి అంచున ఉంటాయి. ఫ్రీవే నుంచి దిగిన వాహనం రోడ్డు ఎడమ అంచున ప్రవేశించి కుడికి జరగవలసి ఉండగా, ఫ్రీవే ఎక్కదలచిన వాహనం అదే నిడివిలో ఎడమకు జరగవలసి వస్తుంది. సిగ్నల్ సాయం లేకుండా జరిగే ఈ పరస్పర దాటివేతనే వీవింగ్ అంటారు. మగ్గంపై పడుగు, పేకలు ఒక క్రమంలో కలుస్తాయి. రోడ్డుపై ఆ క్రమం పూర్తిగా డ్రైవర్ల అంచనాపై ఆధారపడుతుంది.

సమస్య ఎక్కడ తలెత్తుతుందనేది ర్యాంపుల అమరికను బట్టి ఉంటుంది. డైమండ్ అమరికలో కూడలికి ముందు దిగే ర్యాంపు, కూడలి దాటిన తర్వాత ఎక్కే ర్యాంపు ఉంటాయి. ఫలితంగా రెండు కూడళ్ల నడుమ వీవింగ్ ఫ్రీవేపైనే జరుగుతుంది. పైగా సిగ్నల్ వద్ద నిలిచిన వాహనాల వరుస ర్యాంపు మీదుగా ఫ్రీవే వరకు పెరిగితే, వేగంగా వచ్చే వాహనాలు వెనుక నుంచి ఢీకొనే ప్రమాదం ఉంది. ఎక్స్ అమరికలో ఈ క్రమం తారుమారవుతుంది. కూడలికి చాలా ముందే దిగడం వల్ల వాహనాలు నిలిచేందుకు చోటు లభిస్తుంది. అయితే వీవింగ్ మాత్రం ఫ్రంటేజ్ రోడ్డుకు మారుతుంది. భారం తొలగిపోదు, తక్కువ వేగం గల రోడ్డుకు తరలుతుందంతే.

అమెరికా రాష్ట్ర రహదారి అధికారుల సంఘం (ఆష్టో) మార్గదర్శకాల ప్రకారం ఫ్రీవేపై వరుసగా రెండు దిగే ర్యాంపుల మధ్య కనీసం 1,000 అడుగులు, దిగే ర్యాంపు తర్వాత ఎక్కే ర్యాంపుకు 500 అడుగుల దూరం ఉండాలి. ఎక్కే ర్యాంపు వెంటనే దిగే ర్యాంపు ఉన్నచోట వీవింగ్ అనివార్యం కావడంతో సాధారణ ఇంటర్‌ఛేంజ్‌ల నడుమ 1,600 అడుగులు సూచించారు.

దూరం సరిపోయినా, ర్యాంపు ఎదుటే దుకాణపు ప్రవేశమార్గాన్ని అనుమతిస్తే ప్రయోజనం దెబ్బతింటుంది. స్థల యజమానులు కోరేది సరిగ్గా ఆ చోటే కావడం గమనార్హం. ర్యాంపు ద్వారా దిగే, ఎక్కే వాహనాలకు ఫ్రంటేజ్ రోడ్డుపై వెళ్లేవారు దారి ఇవ్వాలని టెక్సాస్ రవాణా చట్టం నిర్దేశిస్తోంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారికి ఈ నియమం తెలియకపోవచ్చు.

158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకూ సర్వీసు రోడ్లు ఉన్నప్పటికీ, ప్రధాన మార్గంపైకి ప్రవేశం ఇంటర్‌ఛేంజ్‌ల వద్ద టోల్ ప్లాజాల మీదుగా మాత్రమే లభిస్తుంది.