కుక్కరు మూతకు ఏ రబ్బరు?

1999లో మొదలైన దీపం పథకం మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఎందరో ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు తెచ్చింది. పొయ్యి వెనకే ఉలవలు ఉడికించే కుక్కరూ వచ్చింది. (సంగటికి మాత్రం కుండే మేలంటాను.)

1679లో డెనిస్ పాపిన్ ఇంగ్లండులో మొదటి ఆవిరిపాత్ర చూపించాడు. పేలకుండా వాల్వు పెట్టిందీ ఆయనే. మన హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్లు 1959 నాటివి. హాకిన్స్ మూత గిన్నె లోపలి నుంచి బిగుస్తుంది. ప్రెస్టీజ్ పాతరకం మూత అంచు మీద బిగుస్తుంది. ఒకదాని రబ్బరు రెండోదానికి ఎట్లా సరిపోతుంది?

మిక్సీ ఒక కంపెనీది, పొయ్యి వేరొకరిదయితే చింతలేదు. కుక్కరు రబ్బరు, వెయిటు, సేఫ్టీ వాల్వు మాత్రం ఆ కంపెనీవే కొనండి. వెయిటు రంధ్రం ఉలవపొట్టుతో పూడితే, కరిగి ఆవిరిని వదిలేది ఆ వాల్వులోని చిన్న బిళ్ళే. “ఏదైనా ఒకటేలే అక్కా” అనే అంగడివాడి దగ్గరికి మూత తీసుకుపోయి, అమర్చి చూపమనండి.