సాగగొట్టిన ఇనుము: కామాఠిపురము నుండి గోల్ఫు మైదానము వరకు

ముంబయి నగరమున కామాఠిపురమను పేరు వినగానే పరులకు స్ఫురించునది ఒకటి. ఆ పేరు పుట్టుటకు కారణమైనది వేరొకటి. కామాటి యనగా తెలుగున మన్ను త్రవ్వువాడు, రాయి మోయువాడు, కట్టడపు పనులలో కూలి చేయువాడు అని అర్థము. హార్న్‌బీ వెల్లార్డు అను అడ్డుకట్ట 1784లో పూర్తియై సముద్రపు పోటును నిలిపిన పిమ్మట మహాలక్ష్మి, తాడ్‌దేవ్, బైకల్లా ప్రాంతములలోని పల్లపు నేలలు నివాసయోగ్యములైనవి. 1795 మొదలుకొని తెలుగుదేశపు పనివారు, ముఖ్యముగా నిజాము రాజ్యమునకు చెందినవారు, ఆ నేలలలో ఒకచోట స్థిరపడసాగిరి. వారి వృత్తియే ఆ పేటకు పేరైనది. కావున ఇది పనిముట్టు పట్టిన చేతుల వలన వచ్చిన పేరు.

ఆ చేతులలోని ఇనుమెట్టిది, దానిని ఎంచుకొనుటలో ఇమిడియున్న తెలివి యెట్టిది అనునదే ఈ వ్యాసమునకు విషయము. ఇనుమును కాచి సాగగొట్టి చేసిన వస్తువు చేతికి నిజము చెప్పవలెను. చేయి తప్పినప్పుడు కొంత ఓర్చుకొనవలెను. ఈ రెండు గుణములు ఒకచోట కుదురుట కష్టము. రాతిపనివాని ఉలికిని, కామాఠిపురమునకు కొలది దూరముననే ఆడబడు గోల్ఫు ఆటలోని ఇనుప కోలకును ఈ చిక్కు సమానమే.

ఉక్కు అను మాట

కామాఠీలు ముంబయికి రాసాగిన ఆ 1795వ సంవత్సరముననే లండనులో రాయల్ సొసైటీవారి పత్రికయందు జార్జి పియర్సన్ అను వైద్యుడు భారతదేశపు ఒక ఉక్కును గూర్చి వ్యాసము ప్రకటించెను. ఆ ఉక్కు ముక్కలను సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపినవాడు బొంబాయిలో వైద్యుడుగానున్న డాక్టర్ హెలీనస్ స్కాట్. ఆంగ్లేయులు దానిని ‘ఊట్జ్’ అని వ్రాసిరి. తెలుగు, కన్నడ భాషలలోని ‘ఉక్కు’ అను మాటయే వారి నోట అట్లు మారినదని పండితులలో పెక్కుమంది అభిప్రాయము. పిమ్మట మైకేల్ ఫారడే అంతటి శాస్త్రజ్ఞుడు 1819 మొదలు కొన్ని సంవత్సరములు ఈ ఉక్కును పరీక్షించి, దానివంటి దానిని చేయుటకు ప్రయత్నించెను. ఉక్కు ముక్కలు ఓడనెక్కిన రేవు, కామాఠీలు పని వెదకుకొని వచ్చిన రేవు ఒక్కటే.

ఈ ఉక్కు పుట్టిన ప్రసిద్ధ స్థలములలో నేటి తెలంగాణములోని నిజామాబాదు జిల్లాకు చెందిన కోనసముద్రము ఒకటి. లాంబ్టన్ దొర భూమికొలత పరివారములో భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ గ్రామపు కొలుములను స్వయముగా చూచి వ్రాసిన వివరణము, ఆయన 1824లో మరణించిన తరువాత, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చైనది. పారశీక వర్తకులు అంత దూరమునుండి వచ్చి అచ్చట ఉక్కు కొనుచుండిరని ఆయన తెలిపెను.

అందు గమనింపదగిన అంశములు రెండు. మొదటిది, కోనసముద్రపు పనివారు ఒకే చోటి ఇనుమును వాడలేదు; మిట్‌పల్లి ఇనుమును, కొండాపురపు ఇనుమును కలిపి మూసలో కరగించిరి. రెండవది, మూసనుండి వచ్చిన ఉక్కు ముద్ద మిక్కిలి కఠినమై, సమ్మెట దెబ్బకు పగులునట్టిది. కావున దానిని మరల మరల కాచి నిదానముగా చల్లార్చి, సాగుటకు అనువగునంత మెత్తబరచిరి. అనగా కాఠిన్యమును సాధించుటతో వారి పని ముగియలేదు. దానిని తగిన మేరకు తగ్గించుటయు పనిలోని భాగమే. ఇట్టి ఉక్కులో అంగారము నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు. అంగారము హెచ్చిన కొలది అంచు వాడియగును, ఒడలు పెళుసగును. ఈ మర్మమును పుస్తకముతో పనిలేకయే గ్రహించినవారు తెలుగు కమ్మరులు.

రాతిపనివాని ఎంపిక

19వ శతాబ్ది ఉత్తరార్ధమున బొంబాయి రాతి నగరముగా మారెను. కుర్లా రాయి, మలాడ్ రాయి, పోరుబందరు సున్నపురాయి, దక్కను నల్లరాయి గొప్ప కట్టడములలో చేరినవి. ఆ నిర్మాణములలో తెలుగు కూలీలు, మేస్త్రీలు, గుత్తేదారులు పాల్గొనిరి. వారిలో కొందరు ధనము, పలుకుబడి సంపాదించిరి. రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాళు కాళేవార్ వంటి తెలుగు ప్రముఖులు జ్యోతిరావు ఫూలే 1873లో పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలచిరి.

రాతిపనికి మొదటి ఆధారము ఉలి. మంచి ఉలి ఒకే ఇనుపముక్కయైనను రెండు స్వభావములు గలది. దాని మొనను ఎఱ్ఱగా కాచి నీట ముంచి పదును పట్టింతురు; పిమ్మట కొంచెము వేడి తగిలించి, గడ్డిరంగు గాని ఊదారంగు గాని తేలగానే మరల చల్లార్చి పెళుసుదనమును తీసివేయుదురు. సుత్తె దెబ్బ పడు తలను మాత్రము మెత్తగానే వదలుదురు. తల కూడ గట్టిదైనచో పెచ్చులు లేచి కంటిలో పడును. మొన మెత్తనిదైనచో నల్లరాయిపై ఒక్క గడియలో మొద్దువారును.

కుండను కొనువాడు వ్రేలితో కొట్టి చూచును. పనిముట్టును కొనువాడును అట్లే దాగలిపై తట్టి ధ్వని వినును. పగులున్న ఇనుము మూగవోవును, నిండైన ఇనుము ఖంగున పలుకును. తరువాత చేతబట్టి బరువు ఎచ్చటికి ఒరుగుచున్నదో చూచును. కొలిమివాని పేరు మూడవ పరీక్షయే గాని మొదటిది కాదు. ఈ వరుస గుర్తుంచుకొనదగినది. గోల్ఫు కోలను ఎంచువారు తరచుగా దీనిని తలక్రిందులు చేయుదురు.

పడమటి మైదానము

కామాఠిపురమునకు పడమట, ముంబయి సెంట్రల్ రైలుదారులను దాటి పోయినచో, తాడ్‌దేవ్ దాపున విల్లింగ్డన్ స్పోర్ట్స్ క్లబ్బు కలదు. బొంబాయి గవర్నరుగానున్న లార్డు విల్లింగ్డన్ 1918లో, భారతీయులకును ఐరోపావారికిని ఉమ్మడిగా ప్రవేశముండవలెనని దానిని స్థాపించెను. చెంబూరులోని బాంబే ప్రెసిడెన్సీ గోల్ఫు క్లబ్బు 1927 నాటిది. వీనికి పూర్వమే, 1842లో, ఈ నగరమున గోల్ఫు క్లబ్బు వెలసియుండెను. వెల్లార్డు వలన ఆరిన నేలలు ఒక వంక తెలుగు చాళ్లకు, మరియొక వంక పచ్చిక మైదానములకు చోటిచ్చినవి.

గోల్ఫు అనునది చిన్న బంతిని కోలతో కొట్టి దూరమున నున్న గుంటలో వేయు ఆట. స్కాట్లండు రాజు నాల్గవ జేమ్స్ 1502లో పెర్త్ పట్టణమున విల్లులు చేయు వానివద్ద కోలలు కొనెను. ఆ కాలపు కోలలలో అధికభాగము కొయ్యవి; ఇనుప తల గలవి ఊరి కమ్మరులు చేసినవి. ఈకలు కుక్కిన తోలుబంతి ఇనుప దెబ్బకు చిరుగునని వానిని అరుదుగా వాడిరి. 1848 ప్రాంతమున గట్టాపెర్చా జిగురుతో చేసిన గట్టి బంతి వచ్చిన తరువాత ఇనుప కోలలకు ప్రాముఖ్యము కలిగెను.

నేడు ఈ తలలను రెండు విధములుగా చేయుచున్నారు. ఎఱ్ఱగా కాచిన ఉక్కు కడ్డీని దిమ్మెల నడుమ యంత్రపు సమ్మెటతో సాగగొట్టి రూపమునకు తెచ్చుట ఒకటి. కరగిన ఉక్కును మూసలో పోయుట రెండవది. పోతలో మైనపు అచ్చును వాడుదురు. దక్షిణదేశపు స్థపతులు పంచలోహ విగ్రహములను పోయు పద్ధతికి ఇది దగ్గర చుట్టము. సాగగొట్టిన తలలోని ఉక్కు మెత్తనిది. అంగారము నూటికి సుమారు పావు పాలే, అనగా కోనసముద్రపు ఉక్కులో ఆరవ వంతు. జపానులో హిమేజీ చెంతనున్న ఇచికవా పట్టణము ఈ పనికి పేరుగాంచినది.

మన్నింపు, స్పర్శ

ఆటగాడు కోరు గుణములు రెండు. బంతి కోలముఖపు నడుమ తగులక ప్రక్కకు తగిలినను దూరము, దిశ మిక్కిలి చెడకుండుట మన్నింపు. దెబ్బ ఎచ్చట తగిలినదో చేతికి స్పష్టముగా తెలియుట స్పర్శ. సాగగొట్టిన కోలలో స్పర్శ యెక్కువ, పోత కోలలో మన్నింపు ఎక్కువ అని ఆటగాండ్రలో వాడుక. ఈ వాడుకలో సగమే నిజము.

మన్నింపు ఇనుము చేసిన పద్ధతి వలన రాదు. బరువును ఎచ్చట ఉంచిరన్నదానిపై ఆధారపడును. కావడి మోయువానిని చూచిన విషయము విశదమగును. రెండు కుండలు బద్ద నడుమనున్నచో చిన్న త్రోపుడుకే బద్ద తిరుగును. రెండు కొనలయందున్నచో సులభముగా తిరుగదు. శాస్త్రజ్ఞులు దీనిని జడత్వ భ్రామకమందురు. కోల తలలో బరువంతయు నడుమనుంచిన పలుచని పాత రూపము ప్రక్క దెబ్బకు చేతిలో మెలితిరుగును. వీపును తొలిచి ఆ బరువును అంచులకు చేర్చిన రూపము అంతగా తిరుగదు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్స్టన్ సోల్హైమ్ అను యంత్రశాస్త్రజ్ఞుడు 1959లో పచ్చికపై బంతిని దొర్లించు కోలకు, 1960వ దశకములో ఇనుప కోలలకు ఈ సూత్రమును అన్వయించెను. తొలిచిన రూపమును పోయుట సులభమగుటచే పోత కోలకే మన్నింపు అను పేరు వచ్చినది. నేడు సాగగొట్టిన తలను కూడ తొలుచుచున్నారు. కావున ఆ భేదము చాలవరకు పోయినది.

స్పర్శ విషయమై ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రకటించిన ఫలితము ఆసక్తికరమైనది. ఆటగాండ్రు చేతికి తెలిసినదని చెప్పుకొను సుఖములో చెవికి వినబడిన ధ్వనికి గాఢమైన సంబంధము కలదని వారు కనుగొనిరి. కుండను తట్టి చూచు గృహిణియు, ఉలిని దాగలిపై తట్టు మేస్త్రీయు ఈ ఫలితమునకు ఆశ్చర్యపడరు.

అట్లయిన సాగగొట్టిన ఇనుము వలన ప్రయోజనమేమి? మెత్తని ఉక్కు గనుక తలను కొంచెము వంచి, ఆటగాని పొడవునకు, నిలుచు తీరునకు సరిపోవునట్లు కోణమును ఒకటి రెండు డిగ్రీలు సవరింపవచ్చును. కఠినమైన పోత ఉక్కు అట్లు సులభముగా వంగదు. ఈ గుణమునకు వెలయు కలదు: మెత్తని ఉక్కు తుప్పు పట్టును గనుక పైపూత వలెను, రాళ్లపై పడి గంట్లు పడును, వాడగా వాడగా కోణము జరుగవచ్చును గనుక అప్పుడప్పుడు కొలిపించవలెను.

కావున ఎంచుకొనువాడు మొదట తన దెబ్బలు ఎచ్చట పడుచున్నవో తెలిసికొనవలెను. కోలముఖమునకు పొడి పూసి పదిసార్లు కొట్టినచో గుర్తులే చెప్పును. గుర్తులు ముఖమంతట చెదరియున్నవానికి వీపు తొలిచి, అడుగు వెడల్పైన తల మేలు. గడ్డపార దిగినట్లు పార దిగదు, అట్లే వెడల్పు అడుగు నేలలో కూరుకొనిపోదు. గుర్తులు నడుమకు చేరుచున్నవానికి సాగగొట్టి తొలిచిన తల స్పర్శను, మన్నింపును రెండింటిని సమకూర్చును. గుర్తులన్నియు ఒక్క రూపాయి బిళ్లంత చోట పడువానికే పలుచని పాత రూపము తగును. ఆటలో పదునాలుగు కోలల వరకు అనుమతి గలదు గనుక దూరపు దెబ్బల కోలలను మన్నింపు గలవానిగా, దగ్గరి దెబ్బల కోలలను స్పర్శ గలవానిగా కలిపి ఉంచుకొనుటయు యుక్తమే. మిట్‌పల్లి, కొండాపురముల ఇనుమును కలిపినవారి ఆలోచన ఇట్టిదే గదా! ఇక తలపైని ముద్రను చివర చూచిన చాలును.

పనివాని స్థానము

గోల్ఫు కోలల గుణదోషములు బాగుగా తెలిసినవారిలో కోలల సంచి మోయు క్యాడీలు ముఖ్యులు. 1991లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా జీవితమారంభించినవాడే. ఇతరుల ఇనుమును మోసి మోసి దాని మర్మము నేర్చినవాడు, అవకాశము దొరికిననాడు తానే విజేత కాగలడని ఆయన జీవితము చాటినది. కామాఠీల చరిత్రయు ఇట్టిదే. వారు కట్టిన భవనములపై వారి పేర్లు లేవు. వారి పేరు నిలిచిన ఒక్క పేటయు, వారి పనితో సంబంధము లేని కారణముచే లోకమున అపకీర్తి మోయుచున్నది.

నేడు కామాఠిపురపు పాత ఇండ్లను తీసి క్రొత్తవి కట్టు యోజనలు సాగుచున్నవి. గోడలు పోవుట అనివార్యము కావచ్చును. కొలిమి, దాగలి, సమ్మెట, పట్టకారు, పదును అను మాటలును, ఆ మాటల వెనుకనున్న తెలివియు గోడలతోపాటు పోనవసరము లేదు. చాళ్లలోని వృద్ధులవద్ద ఉన్న ఉలులు, తాపీలు, సుత్తెలు, వాని పేర్లతోను, అవి చేసిన పనులతోను వ్రాసి ఉంచుట తెలుగు సంఘములు, తెలుగు పాఠశాలలు పూనుకొనదగిన కార్యము. ‘మీ పేటకు ఆ పేరెట్లు వచ్చినది?’ అని యెవరైన అడిగిననాడు, ఆ పేటలో పుట్టిన పిల్లవాడు తల వంచుకొనక, ఇనుమునకు పదును పెట్టించి ఈ నగరపు రాళ్లు చెక్కినవారి వలన వచ్చినదని చెప్పగలుగవలెను.