కీర్తనలో మన దృష్టి ఎక్కడ?

టూంగాబీలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆదివారం ఆరాధనకు కూడుకున్నప్పుడు రెండు రకాల పాటలు వినబడతాయి. పెద్దలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరుస్తారు. పిల్లలు గిటారు, డ్రమ్ములతో ఇంగ్లీషు పాటలు అందుకుంటారు. ఆ తర్వాత టీ తాగుతూ పాత వాదనే మళ్ళీ మొదలవుతుంది. పిల్లల పాటల్లో హోరే తప్ప భక్తి లేదని పెద్దలంటారు. పెద్దల పాటలు ఒక్క ముక్క అర్థం కావని పిల్లలంటారు. నిజానికి ఈ తగవు మన ఇళ్ళలో పుట్టింది కాదు. దీనికి పదహారు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే ఒకరి మీద ఒకరికి ఉన్న కినుక కొంత తగ్గుతుందేమోనన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

క్రీ.శ. 400 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీన్ తన ఆత్మకథ పదవ భాగంలో ఈ సంగతే తర్కించుకున్నాడు. పాడుతున్న విషయం కంటె పాటే తనను ఎక్కువగా కదిలిస్తే అది తన తప్పేనని ఒప్పుకున్నాడు. అలాంటప్పుడు ఆ పాట వినకపోవడమే మేలనిపిస్తుందన్నాడు. అయితే విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో దేవాలయ గానం విని తాను కార్చిన కన్నీళ్ళు గుర్తు తెచ్చుకుని, పాటను వెళ్ళగొట్టడానికి మనసొప్పక, చివరకు పాట ఉండాలనే వైపే మొగ్గాడు.

మనసొప్పినవారూ లేకపోలేదు. స్విట్జర్లాండులోని జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీ స్వయంగా అనేక వాద్యాలు వాయించగల సంగీతజ్ఞుడు. అయినా 1525 నుండి అక్కడి ఆరాధనలో పాటకు చోటు లేకుండా పోయింది. 1527లో ప్రధాన దేవాలయంలోని ఆర్గన్ను ఊడదీశారు. మళ్ళీ పాట వినబడింది 1598లోనే. జర్మనీలో లూథర్ దారి వేరు. 1524 నుండే జనం భాషలో పాటల పుస్తకాలు వేయించి, పాటను గాయక బృందం నుంచి సభ చేతికిచ్చాడు. ఒకరు పాటను తీసివేస్తే, మరొకరు పాడేవారిని మార్చారు. ఇద్దరి భయమూ ఒకటే: మనస్సు దేవుని దగ్గర కాక గానం దగ్గర ఆగిపోతుందేమోనని.

తెలుగునాట ఈ చిక్కు మరో రూపంలో వచ్చింది. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. తరువాత నెల్లూరు, బందరు, గుంటూరులలో కూడా మిషన్లు వెలిశాయి. పాశ్చాత్య బాణీకి తెలుగు మాట కూర్చడం తేలిక కాదు. మన మాటకు గురులఘువులు ప్రాణం. పరాయి బాణీ హ్రస్వం మీద ఆగి దాన్ని సాగదీస్తే మాట రూపమే మారుతుంది. అర్థం వెతుక్కునే మనిషికి ఇక ధ్యానం ఎక్కడిది?

ఆ చిక్కు విడిపోయింది పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారి వల్ల. పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఉత్తర సర్కారుల్లో సువార్త ప్రకటిస్తూ నూటికి పైగా కీర్తనలు రచించారు. జనం నోట నానిన పల్లవి, చరణాల పద్ధతినే ఎన్నుకున్నారు. చరణం ఎంత దూరం వెళ్ళినా పల్లవి మళ్ళీ మొదటి మాట దగ్గరకే తెస్తుంది. దృష్టి చెదరకుండా ఉండే ఏర్పాటు ఆ పద్ధతిలోనే ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం ఈనాటికీ అచ్చవుతాయి. 1878 జూలై 3న ఒంగోలు మిషన్ వారు గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అక్షరం రాని అలాంటి పల్లెజనానికి పాటే పాఠమైంది.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847), భక్తి లేని సంగీత జ్ఞానం సన్మార్గం కాదని ధన్యాసి రాగ కృతిలో తేల్చి చెప్పారు. మన సంఘంలో ఏ మతం వారికైనా వర్తించే మాట అది.

ఇక మన ఇరుగుపొరుగు. 1983లో బాకమ్ హిల్స్‌లో మొదలై, తరువాత హిల్‌సాంగ్ అని పేరుపడ్డ సంఘం పాటలు ఖండాంతరాలు దాటి హైదరాబాదు, విజయవాడల దాకా వెళ్ళాయి. ఆ బాకమ్ హిల్స్ టూంగాబీకి కొద్ది కిలోమీటర్ల దూరమే. వేదిక, వెలుగులు, పెద్ద స్పీకర్లు ఆ పద్ధతిలో భాగం. చూపు వేదిక మీది గాయకుని దగ్గరే ఆగిపోయే ప్రమాదం అందులో ఉంది. కానీ పిల్లలు ఆ పాటలోని ప్రతి మాటా అర్థం చేసుకునే పాడుతున్నారన్నది కూడా నిజం.

మన సంగతి ఏమిటి? పాత కీర్తన ఎత్తుకోగానే మాకు గొంతు పూడుకుపోతుంది. ఆ కన్నీరు దేవుని కోసమా, లేక ఊరి గుడి గంట కోసం, పక్కన నిలబడి పాడిన అమ్మ కోసమా? నిజం చెప్పాలంటే చాలాసార్లు ఊరి కోసమే. ఊరిని తలచుకోవడం తప్పు కాదు. కానీ దాన్నే భక్తి అనుకుని, ఆ కన్నీరు రాని పిల్లల్ని భక్తిహీనులనడం మాత్రం అన్యాయం. వాళ్ళకు ఆ ఊరు లేదు. తెలుగు అక్షరమూ రాదు. ఇంగ్లీషు లిపిలో రాసిచ్చిన కాగితం మీద 'కల', 'కాల', 'కళ' మూడూ ఒక్కలాగే కనబడతాయి. ఇక వారికి మిగిలేది బాణీ ఒక్కటే. అగస్టీన్ భయపడింది సరిగ్గా దీనికే.

కనుక మా మనవి ఇది. ప్రతి కీర్తనకు ముందు ఒక పెద్ద దాని భావం రెండు వాక్యాల్లో చెప్పాలి. నెలకొక్క కీర్తన తెలుగు లిపిలోనే పిల్లలకు నేర్పాలి. వాద్యాల జోరు సభ గొంతును మించకుండా చూడాలి. పిల్లలు ఒక ఇంగ్లీషు పాట పాడినప్పుడు వారు కూడా దాని భావం మనకు చెప్పాలి. అప్పుడు మనం చేతులు కట్టుకుని కూర్చోక, వారితో గొంతు కలపాలి. వచ్చే ఆదివారమే ఒక కీర్తనతో మొదలుపెట్టి చూద్దాం.