వింటి కడుపులో వెదురు

జపాన్ విల్లును మొదటిసారి చూసినవాళ్లకు రెండు సంగతులు వింతగా తోస్తాయి. ఒకటి దాని పొడవు, దాదాపు 221 సెంటీమీటర్లు. పట్టుకున్న మనిషి కన్నా విల్లే ఎత్తు. రెండోది, పిడికిలి పట్టే చోటు నట్టనడుమ ఉండదు, కింది నుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది. ఈ తీరు చాలా పాతది. ఆ దీవుల వాళ్ల చెక్క విల్లులకు కింది భాగం పొట్టి, పై భాగం పొడుగు అని మూడో శతాబ్దపు చైనా చరిత్ర గ్రంథం ‘వెయ్ జి’ రాసిపెట్టింది. మూడో సంగతి మాత్రం చూస్తే తెలిసేది కాదు. ‘యూమి’ అనే ఈ విల్లు ఒక్క కర్ర కాదు, వెదురు బద్దలూ చెక్కా కలిపి అతికించిన కట్ట. దాని చరిత్రంతా ఆ అతుకు చుట్టూనే తిరిగింది.

మొదట్లో అదీ ఒంటి కర్రే. విల్లును వంచినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, విలుకాడి వైపు ముఖం నలుగుతుంది. నడిమి భాగానికి పెద్ద కష్టం ఉండదు. బలంగా లాగితే కర్ర సాధారణంగా సాగే వైపే విచ్చుకుంటుంది. హెయ్‌అన్ యుగం చివరి రోజుల్లో, అంటే పన్నెండో శతాబ్దం ముగిసేలోపే, విల్లు చేసేవాళ్లు ఆ సాగే ముఖానికి ఒక వెదురు బద్ద అతికించారు. కొంతకాలానికి రెండో ముఖానికీ అతికించారు. మధ్యలో చెక్క, అటూ ఇటూ వెదురు.

ఇక్కడే ఆ పనివాళ్ల తెలివి కనిపిస్తుంది. వెదురులో నార అంతటా ఒకేలా ఉండదు. పైతోలు కింద దట్టంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. ఆ పైతోలులో మైనం, సిలికా ఉంటాయి కాబట్టి దానికి జిగురు సరిగా పట్టదు. అందుకని తోలువైపును బయటికి వదిలేసి, లోపలి మెత్తటి వైపును చదునుగా చిత్రిక పట్టి చెక్కకు అంటించారు. దాంతో ఎక్కువ ఒత్తిడి పడే చోటికి బలమైన నార వచ్చింది, జిగురు పట్టని తోలు జిగురు జోలికే రాలేదు. ఇప్పటి ఇంజనీరుకు అప్పగించినా ఇంతకన్నా మెరుగ్గా అమరుస్తాడని నేననుకోను.

ఇక జిగురు. ‘నిబే’ అని పేరు. జింక తోలు ఉడికించి తీస్తారు. మనకిది కొత్తేమీ కాదు. 1959లో ఫెవికాల్ రాకముందు మన వడ్రంగులూ జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన బంకను వేడిచేసి పూసుకునేవారు. ఆ బంక ఆరితే గట్టిగా పట్టేస్తుంది, విల్లుతో పాటు కాస్త వంగుతుంది కూడా. తేమ తగిలితే మాత్రం మెత్తబడుతుంది. సమురాయ్‌ల బొమ్మల్లో నల్ల లక్క పూసి, మీద తెల్లటి పేము చుట్లు చుట్టిన విల్లు కనిపిస్తుంది. హోదాకు గుర్తుగా మారిన ఆ అలంకారం నిజానికి జిగురుకు కాపలా. లక్క తేమను ఆపుతుంది, పేము పొరలు విడిపోకుండా బిగించి పట్టుకుంటుంది. మన మన్యంలో కోయలు వాడే వెదురు విల్లుకు ఈ బాధే లేదు. ఒకే బద్ద, దానికి నారి కూడా వెదురు పేడే.

ఆ తర్వాతి మురొమాచి యుగానికి చెక్కకు నాలుగు వైపులా వెదురు వచ్చింది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అమరిక తిరగబడింది. వెదురే కడుపులోకి వెళ్లింది. నిప్పు మీద కాల్చి తేమ పోగొట్టిన సన్నని బద్దలను పక్కపక్కనే పేర్చి, వాటికి రెండు పక్కల ‘హజె’ చెట్టు చెక్క, ముందూ వెనకా మళ్లీ వెదురు. దీన్ని ‘హిగో’ విల్లు అంటారు. ఇవాళ్టి వెదురు విల్లు కూడా ఇదే నమూనా.

జిగురు ఆరేలోపు విల్లుకు వంపు రావాలి. అంటించిన కట్టకు తాడు చుట్టి, తాడుకూ వెదురుకూ మధ్య వాలుగా చెక్కిన వెదురు చీలలను సుమారు వంద దాకా సుత్తితో దిగగొడతారు. చీల దిగేకొద్దీ పొరలు ఒత్తుకుంటాయి, విల్లు నారి కట్టే వైపుకు ఎదురుగా వంగుతుంది. ఒత్తడం, వంచడం ఒకేసారి అయిపోతాయి.

ఈ విల్లు ఎంత ఒత్తిడిని తట్టుకునేదో చెప్పే లెక్క ఒకటుంది. క్యోటోలోని సంజూసంగెన్‌దో ఆలయ వసారా పొడవు సుమారు 120 మీటర్లు. చూరు తగలకుండా ఆ చివర నుంచి ఈ చివరకు ఒక పగలూ ఒక రాత్రీ బాణాలు వేస్తూ పోవడం అక్కడి పందెం. 1686లో వాసా దైహాచిరో అనే యువకుడు 13,053 బాణాలు వేశాడు. వాటిలో 8,133 అవతలికి చేరాయి. విల్లు నిమిషానికి తొమ్మిది సార్ల లెక్కన వంగి లేస్తూ ఉండాలి, దానిలో ఏ పొరా కదలకూడదు.

అతుకు కథను మలుపు తిప్పింది ఇరవయ్యో శతాబ్దపు రసాయనశాల. రసాయన శాస్త్రవేత్త బేక్‌లాండ్ 1909లో పేటెంట్ పొందిన బేకలైట్ కుటుంబానికి చెందిన ఫీనాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్లు వేడికీ ఒత్తిడికీ గట్టిపడి, మళ్లీ నీళ్లకు కరగవు. బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ ఈ రెజిన్‌నే నమ్ముకుంది. వెదురు పేళ్లతో అల్లిన చాపలను రెజిన్‌లో ముంచి, ఆరబెట్టి, దొంతర పేర్చి, వేడి ప్రెస్‌లో పలకలుగా మార్చే పద్ధతిని తయారుచేసింది. తాడూ చీలలూ చేసిన పని ఇక్కడ ప్రెస్ చేస్తుంది. అలాంటి రెజిన్‌తోనే చేసే మెరైన్ ప్లైవుడ్‌ను మన ప్రమాణాల ప్రకారం 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి చూస్తారు, పొరలు విడిపోకూడదు. నిబే విల్లు అందులో ఒక్క పూట కూడా నిలవదు.

విల్లుల్లోకీ కృత్రిమ జిగుర్లు వచ్చాయి. 1970ల నుంచి గ్లాస్ ఫైబర్ విల్లులు వచ్చి, నేర్చుకునేవాళ్ల చేతుల్లో అవే ఎక్కువగా కనిపిస్తున్నాయి. వెదురు విల్లుల్లో అత్యధిక భాగం మాత్రం ఇప్పటికీ మియాజాకి ప్రాంతంలోని మియాకొనొజో ఊరి నుంచే వస్తాయి. అక్కడి పెద్ద విల్లును 1994లో ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. నిబే విల్లునే కోరి చేయించుకునే విలుకాళ్లు ఇంకా ఉన్నారు. బాణం వదిలినప్పుడు చేతికి తగిలే అదురు తక్కువంటారు. అలాంటి విల్లు కొన్నవాళ్లు దాని వంపును తరచూ సరిచూసుకోవాలి, ఉక్కపోత నెలల్లో పక్కన పెట్టేసి వేరే విల్లుతో సాధన చేసుకోవాలి.