బంగారం అయిపోయింది, కోలారు మిగిలింది

కోలారు గనులంటే మన చిత్తూరు జిల్లా వాళ్ళకు పరాయి ఊరు కాదు. సరిహద్దు దాటితే చాలు. ఆ గనుల్లో చెమటోడ్చిన కూలీలు ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు ప్రాంతాలవారే. అయితే నేటి మన పిల్లలను అడిగితే కె.జి.ఎఫ్. అంటే సినిమా అంటారు! అది కల్పిత కథ. అసలు కథ వారికి చెప్పవలసిన బాధ్యత మనదే అని మేము భావిస్తున్నాము.

1802లో వారెన్ అనే ఇంగ్లీషు సైనికోద్యోగి ఇక్కడి పల్లెవాసులు మట్టి కడిగి బంగారం తీయడం చూసి రాసిపెట్టాడు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ పని చేపట్టింది. 1902లో శివనసముద్రంలో పుట్టిన కరెంటు 147 కిలోమీటర్లు తీగలమీద వచ్చి ఈ గనులకు చేరింది. బెంగుళూరు వీధిదీపాలకు 1905 దాకా ఆ భాగ్యం కలుగలేదు. దొరల బంగళాలకు వెలుగు, కూలీలకు తడికెల గుడిసెలు! చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోతున రాయి పగిలి ఎందరో ప్రాణాలు పోయాయి. రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడినవారికి లెక్కే లేదు. మొత్తం మీద సుమారు 800 టన్నుల బంగారం బయటికి వచ్చిందంటారు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. వేలాది కుటుంబాల పొయ్యి ఆరింది. మిగిలినవి తెల్లని సైనైడు మట్టిదిబ్బలు, తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి పనికి పోయే జనం.

ఊరు అంతటితో అయిపోయిందా అంటే, కాదు. ఆ చుట్టుపక్కల చరిత్ర గనులకంటే ఎంతో పాతది. కోలారు ఒకప్పుడు గంగరాజుల రాజధాని కువలాలపురం. అక్కడి కోలారమ్మ గుడిలో చోళుల శాసనాలు కలవు. ముళబాగిలు దగ్గర ఆవనిలో నొళంబ రాజుల నాటి రామలింగేశ్వరాలయాలు చూడదగినవి.

బంగారుపేట తాలూకాలోని బూదికోట చిన్న ఊరే. కాని 1720 ప్రాంతంలో హైదర్ అలీ పుట్టింది అక్కడే. తండ్రి ఫతే ముహమ్మద్ సిరా నవాబు కొలువులో కోలారు ఫౌజ్‌దారుగా ఉండి, హైదర్ పసివాడుగా ఉండగానే యుద్ధంలో మరణించారు. వారి మఖ్బరా కోలారు పట్నంలో ఉన్నది.

హైదర్ కన్ను మూసినది మన చిత్తూరు దగ్గరే. 1782 డిసెంబరు 7న నరసింగరాయనిపేట దండులో. అప్పుడు టిప్పు మలబారు వైపు ఇంగ్లీషువారితో పోరులో ఉన్నారు. సంగతి పొక్కితే సైన్యం చెదిరిపోతుందని పూర్ణయ్య, కృష్ణారావు గుట్టుగా ఉంచారు. ఒకరు దివాను, ఒకరు ఖజానా అధికారి, ఇద్దరూ హిందువులే. నమ్మకమంటే అదీ! శవాన్ని సుగంధద్రవ్యాలు నింపిన పెద్ద పెట్టెలో ఉంచి, ఖజానా తరలిస్తున్నట్లు కాపలాతో పంపించారు. ఆ పెట్టె కోలారు చేరి, తండ్రి సమాధి చెంత దిగింది. తరువాతనే హైదర్‌ను శ్రీరంగపట్నం గుంబజ్‌కు మార్చారు.

సొసైటీవారు పిల్లలకు విహారయాత్ర తలపెడితే, పలమనేరు, ముళబాగిలు మీదుగా కోలారు ఒక్కరోజు పని. ముందు మఖ్బరా, తరువాత బూదికోట, పొద్దుండగా గనుల దిబ్బలు చూపించి తీసుకురావచ్చును.