రఖ్మాబాయి కేసు: జైలుకైనా సిద్ధమన్న మాట

1891 ఏజ్ ఆఫ్ కన్సెంట్ చట్టం అనగానే మన నోట్సులో ఉండే పేరు బెహ్రాంజీ మలబారి. ప్రిలిమ్స్‌కి అది చాలు. సత్యం చెప్పడం వల్ల సమాజం మారుతుందా అని మెయిన్స్‌లో వ్యాసం అడిగితే మాత్రం, ఆ చట్టానికి ముందు నడిచిన రఖ్మాబాయి కేసు రాయాలంటాను.

బొంబాయిలో 11 ఏళ్లకే ఆమెకు దాదాజీ భికాజీతో పెళ్లయింది. కాపురానికి వెళ్లలేదు, పుట్టింట్లోనే ఉండి చదువుకుంది. 1884లో భార్యను కాపురానికి పంపమంటూ అతను కోర్టుకెక్కాడు. కేసు నడుస్తుండగానే, 1885లో, టైమ్స్ ఆఫ్ ఇండియాలో 'ఒక హిందూ స్త్రీ' అనే మారుపేరుతో ఆమె ఉత్తరాలు వచ్చాయి. బాల్యవివాహం ఆడపిల్ల చదువుని ఎలా తుంచేస్తుందో అందులో రాసింది. అప్పటిదాకా ఈ విషయం మీద ఎక్కువగా రాసింది మగ సంస్కర్తలే. ఇక్కడ మాట్లాడింది ఆ బాధ పడిన మనిషి.

1885 సెప్టెంబరులో జస్టిస్ పిన్హే ఆమె పక్షాన తీర్పిచ్చారు. అప్పీలులో అది నిలబడలేదు. 1887 మార్చిలో జస్టిస్ ఫరాన్ భర్త దగ్గరికి వెళ్లాలి, లేదంటే ఆరు నెలల జైలు అన్నారు. ఆమె జైలే నయమంది. మారుపేరుతో మొదలైన మాట సొంత పేరు మీద శిక్షకు సిద్ధపడే దాకా వచ్చింది. గాంధీ సత్యాగ్రహానికి ఇంకా ఇరవై ఏళ్లుంది! తిలక్ అయితే తన పత్రికల్లో ఆమెను తప్పుపట్టారు. (స్వరాజ్యం గురించి రాసేటప్పుడు ఈ సంగతి వదిలేయకండి.) చివరికి 1888లో రూ.2,000 కట్టి రాజీ చేసుకున్నారు. అంటే కోర్టులో ఆమె గెలవలేదు. కానీ ఇంటి గుట్టు అనుకున్నది దేశమంతా చర్చయింది. 1890లో కలకత్తాలో ఫూల్మొనీ దాసి అనే చిన్నపిల్ల మరణంపై కేసు నడిచాక ఆ చర్చ ఇంకా ముదిరింది. 1891లో సమ్మతి వయసు 10 నుంచి 12కి పెరిగింది. రెండేళ్లు పెరగడానికి ఇంత జరగాల్సి వచ్చింది.

ఆమె ఇంగ్లండ్ వెళ్లి డాక్టరై తిరిగొచ్చి సూరత్‌లో పనిచేసింది.

ఎక్కువ మంది గమనించని సంగతి ఒకటుంది. భార్యను కాపురానికి రమ్మని కోర్టు ద్వారా బలవంతపెట్టే పద్ధతి ఇంగ్లిష్ చట్టం నుంచి వచ్చింది. పిన్హే తన తీర్పులో ఆ మాటే అన్నారు. సంప్రదాయం పేరుతో అందరూ వెనకేసుకొచ్చింది దిగుమతి సరుకుని! ఇంగ్లండ్ దాన్ని 1970లో తీసేసింది. మన దగ్గర హిందూ వివాహ చట్టం సెక్షన్ 9గా ఉండిపోయింది. 1983లో టి.సరీత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ.చౌదరి అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. పాలిటీ చదివేటప్పుడు ఆర్టికల్ 21 పక్కన ఈ రెండు తీర్పులూ పెట్టుకుని చూడండి.